మూడో నంబరు గదిలో ఊదుడు పరీక్ష

కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. "కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు!" అని మా అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని పట్టుకుని పద్నాలుగేళ్ల పాటు కమిటీల్లో కూర్చోబెట్టారు. పరిశోధనల కమిటీ, మందుల ఎంపిక సలహా కమిటీ, గనుల్లో దుమ్ము తగ్గించే సలహా కమిటీ, అన్నిటికీ మించి మెడికల్ బోర్డు. ఎక్కడికెళ్లినా అదే పొడుగు బల్ల, అవే బిస్కట్లు, అదే చల్లారిన టీ. సంతకం ఎక్కడ పెట్టాలో మనకు తెలియదన్నట్టు పెన్సిలుతో ఒక చిన్న గుర్తు కూడా పెట్టి ఉంచేవారు. బల్ల కింద నా కాలు మాత్రం ఊగుతూనే ఉండేది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న మీలో కొందరికి అలాంటి ఉత్తరాలు వస్తున్నాయి, 'సభ్యులుగా నియమించడమైనది' అంటూ. మొన్న ఒక కుర్ర డాక్టరు ఫోన్ చేసి, "మేడం, కమిటీలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్తే మీరు వినరు. నాకూ ఒకాయన ఒక్క ముక్కలోనే చెప్పాడు, నేను వినలేదు. అందుకని నేను చేసిన తప్పు మొదటి నుంచీ చెప్తాను. రిటైరై మూడేళ్లయినా అది నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగుకు మా కిటికీ అద్దాలు గలగలమన్నప్పుడల్లా లేచి వరండాలో నాలుగు చుట్లు తిరగాల్సిందే.

గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టి, గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ దవాఖానకు ఛాతీ డాక్టరుగా వచ్చాను. రెండేళ్లు చేసి వెళ్లిపోదామనుకున్నాను, ముప్ఫై ఏళ్లు ఉండిపోయాను. నోటి దురుసుతనం వల్ల జనం నన్ను 'మిర్చి డాక్టరమ్మ' అనేవాళ్లట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా లోపల గర్వపడ్డాను, నా బుద్ధి అంత.

ఈ కథ అర్థం కావాలంటే మా దగ్గర ఒక పద్ధతి తెలియాలి. ఏళ్ల తరబడి గనిలో దిగి జబ్బుపడ్డ కార్మికుడు ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే దాన్ని 'అన్‌ఫిట్' అంటారు. అలా అయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. అయితే అతనికి ఇంకా రెండేళ్ల సర్వీసైనా మిగిలి ఉండాలి. అందుకని మా బోర్డు ముందు నిలబడే మనిషి ఒక్కడే అయినా, అతని వెనక ఇల్లంతా నిలబడి ఉంటుంది.

బోర్డులో ఛాతీ కేసులకు ఊదుడు పరీక్ష చేస్తాం. గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదాలి. యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. మంచి ఊపిరికి గీత గుట్టలా లేస్తుంది, చెడిపోయిన ఊపిరికి చీమల పుట్టంత కూడా లేవదు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. మా కాలనీల్లో దీనికి ఇంకో శాస్త్రం ఉండేది. అన్‌ఫిట్ కావాలనుకున్నవాడు సగం ఊపిరే వదిలి దగ్గు అందుకుంటాడు. ఫిట్‌గా మిగలాలనుకున్నవాడు కళ్లు బైర్లు కమ్మేదాకా ఊదుతాడు. ఐదేళ్లకోసారి జరిగే తనిఖీలకు ముందు పెద్దపెద్ద మీసాలవాళ్లు పొద్దున్నే గుమ్మాల్లో కూర్చుని బెలూన్లు ఊదుతూ ఉంటే పిల్లలు చుట్టూ చేరేవారు. నేను కళ్లారా చూశాను.

ఆ రోజుల్లో ఒక మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ గారు గని కార్మికుల ఊపిరితిత్తుల మీద పరిశోధన తలపెట్టారు. గనిలో దుమ్ము ఎవరి ఛాతీలో ఎంత చేరింది, ఏ పనిలో ఎక్కువ చేరుతుంది అని తేల్చాలని. మంచి పని. ఆయన మనసు కూడా మంచిదే. ఆ పరిశోధనకు అనుమతిచ్చే కమిటీలో నేను సభ్యురాలిని. పరీక్షలు జరిగేది మా దవాఖానలో, వాటి బాధ్యత కూడా నాదే. సలహా చెప్పేదీ నేనే, పని చేసేదీ నేనే. అప్పుడు అదేదో గొప్పగా అనిపించింది.

కమిటీ సమావేశంలో కార్మికులు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం వచ్చింది. "సదరు సమాచారము గోప్యముగా నుంచబడును" అని ఉంది. నేను ఆ కాగితం బల్ల మీద పడేశాను.

"ఇదేం తెలుగండీ బాబూ! కోర్టు నోటీసనుకుని పారిపోతారు" అన్నాను.

"మరి మీరే రాయండి" అన్నారు ప్రొఫెసర్ గారు నవ్వుతూ.

అక్కడే పెన్ను తీసి రాశాను. 'మీ ఊదుడు కాగితం బోర్డు దగ్గరికి పోదు. దీనివల్ల మీ డ్యూటీ మారదు. ఇది నా హామీ.' కింద నా పేరు వేయమన్నాను. సభ్యులందరూ మెచ్చుకున్నారు. ఒకాయన బల్ల చరిచారు కూడా. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నా మొహం నాకే ముద్దొచ్చింది.

మూడో నంబరు గది మాది. ఊదుడు యంత్రం దవాఖాన మొత్తానికి ఒక్కటే, అది ఆ గదిలోనే ఉండేది. బుధవారం బోర్డు కేసులు ఊదేవాళ్లు. మిగతా రోజుల్లో పరిశోధనకు వాడుకుందాం అనుకున్నాం. ఆ యంత్రం దగ్గర ఒక టెక్నీషియన్ ఉండేవాడు, శ్రీరాంపూర్ వైపు మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద, కోపం లేనప్పుడు అన్నా అని పిలిచేదాన్ని. వాళ్ల నాన్నా గని పనే, అన్నదమ్ములదీ గని పనే. కార్మికులు ఏ గడపలో ఏం తిన్నారో కూడా అతనికి తెలుసు.

మొదలుపెట్టే రోజు పొద్దున అతను తలుపు దగ్గర నిలబడి, "మేడం, ఒక్క మాట. గదన్న మార్చుండ్రి" అన్నాడు.

"ఎందుకు?"

"గీ గదిల ఊదితే బోర్డుకు ఊదినట్టే అనుకుంటరు. గీడ ఊపిరితిత్తులు ఊదయి మేడం, ఇల్లు ఊదుతది."

"కాగితం మీద అంత స్పష్టంగా రాశాను కదయ్యా! నీకు చదవడం రాదా?"

"నాకొస్తది మేడం" అన్నాడు. అంతే, లోపలికెళ్లి యంత్రం తుడుచుకున్నాడు.

నాకు తొందర. ఇంకో గది కావాలంటే నాలుగు ఉత్తరాలు రాయాలి, యంత్రం మోయించాలి, ప్రొఫెసర్ గారి జీపు అప్పటికే వచ్చి నిలబడింది. వెతకడానికి సులువుగా ఉంటుందని చార్టుల మీద కార్మికుడి కంపెనీ నంబరు కూడా వేయించాను. ఫైళ్లు పెట్టడానికి ఇంకో బీరువా లేదు, బోర్డు బీరువాలోనే కింది అరలో పెట్టించాను. ఒక్కో పని చేస్తున్నప్పుడు ఏదీ తప్పులా లేదు.

మూడు నెలలు ఊదారు. నేను వార్డులో రౌండ్లు చూసుకుని పన్నెండింటికి వచ్చి, ఆ పూట చార్టులన్నీ దొంతరగా పెట్టుకుని గబగబా సంతకాలు పెట్టేదాన్ని. మనుషులు అప్పటికి వెళ్లిపోయేవాళ్లు. గీతలు చూసి, "పర్వాలేదే, మనవాళ్ల ఊపిరి బాగానే ఉంది!" అని సంతోషించిన రోజులున్నాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ ఉన్నాయి.

ఏడాదిన్నర గడిచింది. ప్రొఫెసర్ గారు లెక్కలు కట్టి వ్యాసం రాసేశారు. అందులో రెండో పేరు నాది. అచ్చుకు పంపడమే తరువాయి.

అప్పుడు వచ్చింది ఆ బుధవారం.

బోర్డులో ముగ్గురం. చైర్మన్ గారు పెద్ద డాక్టరు, భారీ మనిషి, నటించేవాళ్లను చూసీ చూసీ ఎవరినీ నమ్మడం మానేసిన మనిషి. ఇంకొకాయన ఎముకల డాక్టరు, ఛాతీ కేసంటే నోరు విప్పడు. మూడోదాన్ని నేను. ఆ రోజు నాలుగో కేసు ఒక సపోర్ట్‌మన్. గని పైకప్పు కూలకుండా దన్నులు నిలబెట్టడం, బోల్టులు కొట్టడం అతని పని. రామగిరి దగ్గర పల్లెటూరివాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. తలుపు నుంచి కుర్చీదాకా పది అడుగులు కూడా లేవు, ఆ కాస్త నడిచి కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. పొద్దున ఊదిన గీత దాదాపు నేలకు అంటుకుని ఉంది. మరో ఇరవై రెండు రోజులు దాటితే అతనికి మిగిలిన సర్వీసు రెండేళ్లకు తగ్గిపోతుంది. తర్వాత అన్‌ఫిట్ అయినా ఇంట్లో ఎవరికీ ఏమీ రాదు. అంటే అతనికి అదే ఆఖరి బోర్డు.

"అందరూ ఆఖర్లోనే జబ్బు పడతారు" అన్నారు చైర్మన్ గారు. "పాత చార్టు ఏదైనా ఉందేమో చూడండి."

గుమాస్తా బీరువా తెరిచాడు. పై అర వెతికాడు, లేదు. వంగి కింది అర వెతికాడు. నంబరు కలిసింది. ఒక కాగితం తెచ్చి చైర్మన్ గారి ముందు పెట్టాడు. నా కాలు ఊగడం ఆగిపోయింది.

గుట్టలాంటి గీత. పహిల్వాన్ ఊదినట్టు ఉంది. కింద నా సంతకం.

"ఏడాదిన్నర కింద ఇలా ఊదినవాడు ఇవాళ ఇలా ఊదుతున్నాడు. ఇది రోగం కాదు, నాటకం" అంటూ కాగితం నా వైపు జరిపారు. "సంతకం మీదే కదా మేడం?"

"నాదే. కానీ సార్, ఇది పరిశోధన కాగితం. ఇది ఇక్కడికి రాకూడదు. మేం రాసిచ్చాం."

"మీరు రాసిచ్చింది కాలేజీ తరఫున. అయినా నేను చూసేశాను, చూసిన కళ్లను ఇప్పుడేం చెయ్యమంటారు? ఒక్క సంగతి చెప్పండి. ఈ గీత నిజమేనా కాదా? నిజమైతే వీడు నటిస్తున్నాడు. కాకపోతే మీ పరిశోధన అబద్ధం. రెండింట్లో ఏది?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అది నేనే. "పావుగంట టైమివ్వండి సార్, టీ తాగి వస్తాను" అని లేచాను. ఎముకల డాక్టరు బిస్కట్ అందుకున్నాడు.

బయట బెంచీ మీద అతను మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి కూర్చున్నాడు. పక్కన అతని భార్య వీపు రాస్తోంది. నేను వెళ్లీ వెళ్లగానే విరుచుకుపడ్డాను.

"ఎవరు ఊదారయ్యా ఆ రోజు? నిజం చెప్పు!"

ఆమే చెప్పింది, గొంతు తగ్గించి.

"నా తమ్ముడు ఊదిండు మేడం. ఓపెన్ కాస్టుల డంపర్ నడుపుతడు. కబడ్డీ ఆడేటోడు, మంచి దమ్ముంటది. మా పిల్ల నాయినకు అప్పటికే ఆయాసం. ఊదితే దొరికిపోతడు, అన్‌ఫిట్ జేస్తరు, బిడ్డ సదువు నడిమిట్ల ఆపి నౌకరిల చేరాలె. ఏడాదిన్నరైతే డిప్లొమా అయిపోతది గద, అందాక ఆగుదమనుకున్నం."

"అది బోర్డు కాదమ్మా! బోర్డుకు పోదని రాశాను కదా! చదవలేదా?"

"సదివిన మేడం. నా బిడ్డతోని గూడ సదివిచ్చిన. మంచిగనే రాసిండ్రు." ఆమె మూడో నంబరు గది తలుపు వైపు చూసింది. "గనీ లోపటికి తొంగి చూస్తే గదే గది, గదే మిషిని, గదే కుర్చి. కాయితం నమ్మాల్నా, గది నమ్మాల్నా?"

"నన్ను అడగొచ్చు కదా!"

"మీరు అరుస్తరు గద మేడం" అంది. కోపంగా అనలేదు, వానొస్తుంది కదా అన్నట్టు అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

అప్పుడు అతను మొదటిసారి మాట్లాడాడు. మూడు ముక్కలకు ఒకసారి ఆగుతూ, "నా పానం... పోనియ్‌రి మేడం... నా బామ్మర్ది పేరు... చెప్పకుండ్రి" అన్నాడు.

మూడో నంబరు గదిలోకి వెళ్లి తలుపు వేశాను. టెక్నీషియన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమీ అడగకముందే, "అవు మేడం, నాకెరుకే" అన్నాడు.

"ఎరుకైతే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన గద మేడం, మొదటి రోజే. రెండోసారి చెప్తే ఏమైతుండె?"

"ఒక్కడేనా?"

అతను బీరువా దగ్గరికెళ్లి ఫైలు తెచ్చాడు. కొన్ని చార్టుల పైమూల చిన్నగా మడిచి ఉంది. సంతకాలు పెట్టేటప్పుడు ఆ మడతలు నేను చూశాను. కాగితాలు నాణ్యమైనవి కావని గుమాస్తాను తిట్టాను కూడా.

"ఒకరికి బదులు ఒకరు ఊదినయి ఇవ్వి. దొంగ ఊదుడు ఊదినయి ఇవ్వి. ఎన్నడన్న అడుగుతరేమోనని మడిసి పెట్టిన" అన్నాడు. నేను తిప్పుతూ పోయాను. సగం దాకా వచ్చేసరికి ఇక తిప్పలేకపోయాను. కుర్చీలో కూర్చుండిపోయాను, ఆ కార్మికులందరూ కూర్చున్న కుర్చీలో.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా స్థితి చూడండి. బామ్మర్ది ఊదాడని చెప్తే చార్టు తప్పని తేలుతుంది, కానీ ఒకరి బదులు ఒకరు పరీక్షకు రావడం మోసం. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, కూతురికి వచ్చేదీ రాదు. చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు టెక్నీషియన్ మీదా విచారణ, అదీ పెన్షన్ దగ్గరపడుతున్న వేళ. చెప్పకపోతే ఆ గీత నిజమై కూర్చుంటుంది, ఈ మనిషి మళ్లీ దన్నులు మోయడానికి గనిలో దిగుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి తవ్విందీ నేనే, గొయ్యి తవ్విందీ నేనే.

"ఏం జేద్దమంటరు మేడం?" అన్నాడు టెక్నీషియన్.

"నాకేం తెలుసయ్యా! నా బొంద తెలుసు!" అని అరిచి, మళ్లీ ఆమె మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఎన్నిసార్లు తిరిగానో. తిరుగుతూ ఉంటే ఒక సంగతి తట్టింది. ఆ చార్టులో రెండు తప్పులున్నాయి. ఒకటి వాళ్లది, ఒకటి నాది. వాళ్లది చెప్పే హక్కు నాకు లేదు, చెప్పనని రాసిచ్చాను. నాది చెప్పకుండా ఎవరూ ఆపలేదు.

లోపలికి వెళ్లి నిలబడే చెప్పాను.

"సార్, ఆ చార్టు చెల్లదు. నేను మనిషిని చూడకుండా సంతకం పెట్టాను. ఎలా ఊదారో, ఎన్నిసార్లు ఊదారో నాకు తెలియదు. ఆ ఒక్కటే కాదు, ఆ ఫైలులో ఉన్నవన్నీ అలాగే పెట్టాను."

చైర్మన్ గారు కళ్లజోడు తీశారు. "మేడం, ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? ఇది రాసిస్తారా?"

"కాగితం ఇవ్వండి."

రాసిచ్చాను. నా అక్షరాలు అప్పుడు ఎంత వంకరగా వచ్చాయో! ఆయన అది చదివి, మడిచి, ఫైలులో పెట్టుకున్నారు. "సరే, మీ గీత చెల్లదు. ఇవాళ్టి గీత నేను నమ్మను. ఇక దేన్ని చూసి తేల్చాలి?" అన్నారు విసుగ్గా.

"మెట్లు ఎక్కిద్దాం సార్. మీరే చూడండి."

ఆయనకు ఒళ్లు మండింది, కానీ లేచారు. దవాఖాన మెట్ల దగ్గర ఊరేగింపులా తయారైంది. ముందు ఆ సపోర్ట్‌మన్, పక్కన చైర్మన్ గారు, వెనక నేను, గుమాస్తా, చేతిలో బిస్కట్‌తో ఎముకల డాక్టరు. ఐదో మెట్టుకు చైర్మన్ గారికే రొప్పు వచ్చింది. తొమ్మిదో మెట్టు దగ్గర అతను గోడ పట్టుకుని ఆగిపోయాడు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఇంకో మెట్టు ఎక్కబోతే, "చాలయ్యా, చాలు! కూర్చో, అక్కడే కూర్చో!" అని చైర్మన్ గారే భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయన కూడా ఆ మెట్టు మీదే చతికిలబడ్డారు. ఇద్దరూ కాసేపు రొప్పుతూ పక్కపక్కన ఉండిపోయారు.

"పెదవులతో నాటకం ఆడలేడు" అన్నారాయన చివరికి, నా వైపు చూడకుండా.

ఆ రోజే అతన్ని స్కానుకు నగరానికి పంపారు. రిపోర్టు జల్ది రావడానికి నేను ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు. గడువుకు నాలుగు రోజుల ముందు వచ్చింది. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. అతను అన్‌ఫిట్ అయ్యాడు. కూతురి డిప్లొమా అప్పటికి పూర్తయింది, ఉద్యోగంలో చేరింది.

ఇక్కడితో ఆపితే నేనేదో ఘనకార్యం చేసినట్టుంటుంది. అసలు సంగతి తర్వాత ఉంది. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి, మడతల సంగతి చెప్పి, వ్యాసం ఆపమన్నాను. ఆయన, "మడతపెట్టిన చార్టులు తీసేసి మిగతావి ఉంచుకుందాం" అన్నారు. నాకూ ఆశ పుట్టింది. టెక్నీషియన్‌ను అడిగాను.

"మడిసినయి నేను చూసినయి మేడం. చూడనియి ఎన్నో నాకేం ఎరుక?" అన్నాడు.

వ్యాసం ఆగిపోయింది. ప్రొఫెసర్ గారు నాతో మాట్లాడటం మానేశారు. ఆయన రెండేళ్ల కష్టం, కోపం రాదా మరి. నాకు మెమో వచ్చింది, బోర్డు నుంచి తీసేశారు, ఒక్కొక్క కమిటీ ఉత్తరమూ ఆగిపోయింది. అందుకు నాకేం బాధ లేదంటే అబద్ధం. కానీ నన్ను కుదిపేది అది కాదు. ఆ మూడు నెలల్లో కొన్ని వందలమంది ఆ గొట్టం పట్టుకున్నారు. వాళ్ల ఛాతీల్లో ఏముందో తెలుసుకునే అవకాశం ఒక్కసారి వచ్చింది. ఒక గది మార్చడానికి నాకు తీరిక లేక అది పోయింది. నేను రిటైరయ్యేదాకా ఇంకో పరిశోధన రాలేదు. వాళ్లలో ఎందరు బెల్లంపల్లి, శ్రీరాంపూర్ కాలనీల్లో దగ్గుతూ ఉన్నారో, ఎందరు లేరో నాకు తెలియదు. వరండాలో తిరిగేది అందుకే.

పోయిన ఎండాకాలం, నా దగ్గర ఒకప్పుడు పనిచేసిన అమ్మాయి ఇంటికొచ్చింది. ఇప్పుడు తనే పెద్ద డాక్టరు. పనిలో ఉన్నవాళ్లకూ రిటైరై దిగిపోయినవాళ్లకూ కలిపి మళ్లీ ఊపిరితిత్తుల పరిశోధన పెడుతున్నారట. సలహా కమిటీలో నేనుండాలట. అంగీకార పత్రం నా చేతికిచ్చి, "మేడం, భాష మీరు సరిచెయ్యాలి" అంది.

నేను దాన్ని చదవకుండా పక్కన పెట్టి, "ముందు గది చూపించు" అన్నాను.

చూపించింది. మూడో నంబరు గది. కొత్త రంగు వేశారు, ఏసీ పెట్టారు. "ఇక్కడైతే నేను సంతకం పెట్టను తల్లీ" అన్నాను. ఎందుకని అడిగింది. ఈసారి అరవలేదు, బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. ఆ అమ్మాయి నా కంటే తెలివైనది. నాలుగు ఉత్తరాలూ తనే రాసింది. రామగిరి వైపు కాలనీలో కమ్యూనిటీ హాలు ఒకటి ఖాళీగా ఉంటే అడిగి తీసుకుంది. కంపెనీ నంబర్లు లేవు, బోర్డు బీరువా లేదు. దిగిపోయి ఊళ్లో కూర్చున్న మా పాత టెక్నీషియన్‌ను కబురు చేసి పిలిపించాను. అతను హాలంతా కలియదిరిగి, "ఇగ మంచిగున్నది మేడం" అన్నాడు.

మొదటి రోజు ఉదయం జనం తక్కువే వచ్చారు. గుమ్మంలో ఒక ఆటో ఆగింది. ఆ సపోర్ట్‌మన్ దిగాడు, భార్య భుజం పట్టుకుని. మనిషి సగమయ్యాడు. లోపలికి రావడానికే చాలాసేపు పట్టింది. నేను ఎదురెళ్లాను.

"నీకెందుకయ్యా ఈ శ్రమ? నీ స్కాను రిపోర్టు ఉంది కదా" అన్నాను.

"పాత కాయితం... ఒకటి బాకీ ఉన్నది గద మేడం" అన్నాడు.

కూర్చున్నాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. టెక్నీషియన్ "పీల్చన్నా, గట్టిగ... ఇగ వదులు!" అన్నాడు. అతను కళ్లు గట్టిగా మూసుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా ఊదాడు. కాగితం మీద గీత గోరంత లేచి పడిపోయింది. భార్య అతని వీపు నిమురుతూ ఉంది. నేను వాచీ చూసుకోలేదు, అతన్నే చూస్తూ నిలబడ్డాను.

చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుని, కాగితం వైపు వేలు చూపించాడు.

"గిది... నాదే మేడం. రాసుకోండ్రి."

అతని ముఖం చూస్తూ సంతకం పెట్టాను.